తాతయ్య కాగితంలో ఆరో నంబరు



ఈ నెల తపాలా సంచిలో మూడు ఉత్తరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మూడూ పాత నల్లగొండ జిల్లా ఊళ్ళ నుంచే. ఒకటి కోదాడ, ఒకటి సూర్యాపేట, ఒకటి మిర్యాలగూడ. రాసినవాళ్ళకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా ముగ్గురూ అడిగింది దాదాపు ఒకే ప్రశ్న.

కోదాడ అమ్మాయి ఏడో తరగతి. ఇలా రాసింది:

"మామయ్యగారికి నమస్కారాలు. మా తాతయ్యకు జ్వరం, ఆయాసం వస్తే ఆసుపత్రిలో చేర్చాం. రక్తపరీక్ష కాగితంలో 'ఐ.ఎల్.–6' అని ఉన్నది. దాని ఎదురుగా ఉన్న అంకె కింద గీత గీశారు. మా పక్కింటాయన అది చూసి, 'ఆరో నంబరు దాకా వచ్చిందంటే జబ్బు బాగా ముదిరినట్టే' అన్నాడు. అప్పటినుంచి మా నాయనమ్మ సరిగ్గా అన్నం తినడంలేదు. ఒకటి నుంచి అయిదు దాకా మేము చూసుకోలేదా?"

సూర్యాపేట అబ్బాయి, "ఇంటర్‌ఫెరాన్ అనే మాట చదివాను, దానికి నంబరు లేదు. ఇంటర్‌లూకిన్లకు నంబర్లున్నాయి. ఈ పేర్లు ఎవరు పెడతారు?" అని అడిగాడు. మిర్యాలగూడ అమ్మాయి ప్రశ్న కొంచెం కోపంగా ఉన్నది: "అన్నిటికీ నోరు తిరిగే పేర్లు పెట్టకూడదా?"

కోదాడ అమ్మాయి ఉత్తరం అందిన రోజే నేనొక కార్డు రాసి డబ్బాలో వేశాను. పత్రిక అచ్చయ్యేదాకా ఒక ముసలావిడను పస్తుంచడం న్యాయం కాదు గదా! కార్డులో రాసింది ఇంతే: "అమ్మాయీ, ఆ ఆరు జబ్బు ఎక్కిన ఆరో మెట్టు కాదు. అది ఒక పదార్థానికి పెట్టిన పేరు. బస్సుకు నంబరున్నట్టే దానికీ నంబరు. జబ్బు ఎంత ఉన్నదనేది పక్కన రాసిన అంకెనూ, తాతయ్యనూ, మిగిలిన పరీక్షలనూ చూసి డాక్టరుగారు చెబుతారు. నాయనమ్మను అన్నం తినమను."

ఇప్పుడు తీరికగా చెప్పుకుందాం.

మన ఒంట్లో సూక్ష్మక్రిములు ప్రవేశిస్తే వాటితో పోరాడేవి తెల్ల రక్తకణాలని మీరు చదివే ఉంటారు. అవి ఒక చోట కూర్చుని ఉండవు. కొన్ని రక్తంలో తిరుగుతాయి, కొన్ని చర్మం కింద కాపలా కాస్తాయి, కొన్ని ఎముకల మూలుగులో ఇంకా పుడుతూ ఉంటాయి. కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు మూలుగులో ఉన్నవాటికి ఎలా తెలుస్తుంది? వాటికి నోరు లేదు, చెవి లేదు. అందుకని కబురు చెప్పదలచిన కణం చిన్న చిన్న మాంసకృత్తులను తయారుచేసి బయటికి వదులుతుంది. వాటినే ఇప్పుడు ప్రోటీన్లు అంటున్నాం. అవి రక్తంలో కొట్టుకుపోయి ఇంకొక కణం మీద, తాళంలో తాళంచెవి పట్టినట్టు పడతాయి. ఆ కణం కబురు అందుకుని మేలుకుంటుంది. ఈ కబురు మోసే మాంసకృత్తులన్నిటికీ కలిపి 'సైటోకైన్లు' అని పేరు. ఆ మాటను 1974లో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు వాడుకలోకి తెచ్చారు.

కాని అప్పటికే విడివిడిగా వాటికి పేర్లు పడిపోయాయి. తంటా అంతా అక్కడే వచ్చింది.

సూర్యాపేట అబ్బాయి అడిగిన ఇంటర్‌ఫెరాన్ అందరికంటె ముందు పేరు తెచ్చుకున్నది. 1957లో లండనులోని మిల్ హిల్ పరిశోధనశాలలో అలిక్ ఐజాక్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు, జీన్ లిండెన్‌మన్ అనే స్విట్జర్లండు యువకుడు కోడిగుడ్లతో ఒక ప్రయోగం చేశారు. ఫ్లూ జ్వరం తెచ్చే వైరసును వేడిచేసి చంపి, గుడ్డు లోపలి పొర ముక్కల మీద వేశారు. కొన్ని గంటల తరువాత ఆ ద్రవాన్ని తీసి కొత్త పొర ముక్కలకు పట్టించారు. ఆ తరువాత బతికున్న వైరసును వేస్తే, అది ఆ ముక్కల మీద పెరగలేకపోయింది! ద్రవంలో ఏదో వైరసు పనికి అడ్డుపడుతున్నది. అడ్డుపడడాన్ని ఇంగ్లీషులో 'ఇంటర్‌ఫియర్' అంటారు గనుక దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. చూశారా, ఇది చేసే పనినిబట్టి పెట్టిన పేరు. తరువాత ఇంటర్‌ఫెరాన్లు చాలా ఉన్నాయని తెలిసి, 1980లో వాటిని ఆల్ఫా, బీటా, గామా అని గ్రీకు అక్షరాలతో వేరుచేశారు. ఆల్ఫా ఒక్కదానికే మనిషిలో పదమూడు జన్యువులున్నాయి. పెద్ద సంసారమే!

పనినిబట్టి పేరు పెట్టడం మంచి పద్ధతిలాగే కనిపిస్తుంది. కాని దానిలో ఒక చిక్కున్నది.

ఒక ఊళ్ళో ఒకాయన ఉన్నాడనుకోండి. తెల్లవారుజామున పై వీధిలో పాలు పోస్తాడు. పగలు కింది వీధి బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాడు. రాత్రిపూట భజనలో హార్మోనియం వాయిస్తాడు. పై వీధివాళ్ళకు ఆయన పాలాయన, కింది వీధివాళ్ళకు లెక్కల పంతులు, గుడి దగ్గరవాళ్ళకు హార్మోనియం మేష్టారు. ఒకనాడు ముగ్గురు మూడు శుభలేఖలు వేయించి ముగ్గురిని పిలిచారు. భోజనాల వేళకు వచ్చింది మాత్రం ఒక్కడే!

సరిగ్గా ఇదే జరిగింది. ఒక పరిశోధనశాలలో జ్వరం తెప్పించే పదార్థం ఏదో పరిశీలిస్తూ దానికి జ్వరకారకమని పేరు పెట్టారు. ఇంకొకచోట లింఫు కణాలను మేలుకొలిపే పదార్థాన్ని చూసి మేలుకొలిపే కారకం అన్నారు. మరొకచోట కీళ్ళలో మృదులాస్థిని తినివేసే పదార్థం దొరికితే దానికింకొక పేరు. ఎవరి పత్రిక వారిది, ఎవరి పేరు వారిది. తీరా చూస్తే అన్నీ ఒకటే!

ఈ గందరగోళం భరించలేక 1979లో స్విట్జర్లండులో ఎర్మాటింగెన్ అనే సరస్సు ఒడ్డు ఊళ్ళో శాస్త్రజ్ఞులు సమావేశమైనప్పుడు ఒక నిర్ణయానికి వచ్చారు. పని పేరు వద్దు. 'ఇంటర్‌లూకిన్' అనే ఒక ఇంటిపేరు పెట్టి నంబరు వేద్దాం అన్నారు. 'ఇంటర్' అంటే మధ్య, 'లూకిన్'లో ఉన్నది తెలుపు అనే అర్థమున్న గ్రీకు మాట. తెల్ల కణాల మధ్య తిరిగేది అని భావం. జ్వరం తెప్పించే ఆ పదార్థానికి ఇంటర్‌లూకిన్–1 అనీ, 'టి' కణాలను పెంచే మరో పదార్థానికి ఇంటర్‌లూకిన్–2 అనీ పేర్లు పెట్టారు. దాన్నే పొట్టిగా ఐ.ఎల్. అంటారు.

అంచేత కోదాడ అమ్మాయీ, ఒకటి నుంచి అయిదు దాకా మీరు చూసుకోకపోవడం కాదు. మూడు మూలుగులో రక్తకణాల పుట్టుకకు తోడ్పడుతుంది, అయిదు ఒకరకం తెల్ల కణాలను పెంచుతుంది, నాలుగుకు వేరే పనులున్నాయి. ఎవరి పని వారిది. ఈ నంబర్లు దాదాపు వరసలో చేరినవాళ్ళకు ఇచ్చిన టోకెన్లు. ఆరోవాడు అయిదోవాడికంటె గొప్పా కాదు, ప్రమాదమూ కాదు. ఇప్పుడా వరస నలభై దాటింది.

మీ తాతయ్య కాగితంలోని ఆరుకు మాత్రం ఒక చరిత్ర ఉన్నది. నంబరు రాకముందు దానికున్నన్ని పేర్లు మరొకదానికి ఉన్నాయో లేదో! జపానులో ఒసాకా విశ్వవిద్యాలయంలో తదామిత్సు కిషిమోటో, తోషియో హిరానో అనే శాస్త్రజ్ఞులు దాన్ని 'బి' కణాలను ప్రేరేపించే రెండో కారకం అనేవారు. 1986లో దాని జన్యువును వాళ్ళే విడదీశారు. కాలేయం మీద పరిశోధించేవారు దాన్నే కాలేయ కణాలను ప్రేరేపించే కారకం అన్నారు. ఇంకొందరు ఇంటర్‌ఫెరాన్ బీటా–2 అన్నారు. మరికొందరు ఏ పేరూ తోచక దాని బరువునుబట్టి '26 కిలోడాల్టన్ల ప్రోటీన్' అని ఊరుకున్నారు. జన్యువులోని అక్షరాల వరసను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అందరికీ నోట మాట రాలేదు. అన్నీ ఒకటే వరస! 1980ల చివర అందరూ కలిసి ఐ.ఎల్.–6 అని ఒప్పుకున్నారు.

దీనిలో ఒక వేడుక కూడా ఉన్నది. తెల్ల కణాల మధ్య తిరిగేదని ఇంటిపేరు పెట్టారు గదా! మీరు కబడ్డీ ఆడి అలసిపోయి కూర్చున్నప్పుడు ఈ ఐ.ఎల్.–6ను మీ తొడ కండరాలు కూడా రక్తంలోకి వదులుతాయి. కండరం తెల్ల కణమా? కాదు. అంటే ఇంటిపేరు కూడా పూర్తిగా నిజం కాదన్నమాట. అయినా ఎవరూ మార్చలేదు. నా మటుకు నాకు అదే మంచిదనిపిస్తుంది. మళ్ళీ మార్చి ఉంటే ఏడో పేరు వచ్చేది.

పేరు ఒకటి కావడంవల్ల ఏం ఒరిగింది అంటారా? కిషిమోటో బృందం ఐ.ఎల్.–6 కబురు కణానికి అందకుండా, దాని తాళం రంధ్రాన్నే మూసివేసే మందును తయారుచేయడానికి తోడ్పడింది. టోసిలిజుమాబ్ అని దాని పేరు. మొదట కీళ్ళవాపు వంటి జబ్బులకు వాడారు. తరువాత కోవిడ్ రోజుల్లో, జబ్బు తీవ్రమై ఒంట్లో వాపు విపరీతంగా పెరిగిన రోగులకు ఇస్తే మరణాలు తగ్గాయని 2021లో బ్రిటనులో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. ఒసాకాలో తయారైన ఆలోచన, బ్రిటనులో పరీక్ష, కోదాడలో రక్తపరీక్ష కాగితం. మూడింటిలోనూ రాసి ఉన్నది ఒకే పేరు. ఆ కాగితం మీద కాలేయ కారకం అనీ, మందు సీసా మీద 'బి' కణాల కారకం అనీ ఉంటే డాక్టరుగారు ఏం చేయాలి?

మిర్యాలగూడ అమ్మాయి కోపం ఇంకా తగ్గి ఉండదు. నంబరు పేరు గుర్తుండదు, అది ఏ వంశమో చెప్పదు అని ఆమె అభియోగం. నిజమే. దీనికి జవాబు మీ ఊరి రైసు మిల్లుల్లోనే ఉన్నది. మిల్లుకు వచ్చిన ధాన్యాన్ని 'బి.పి.టి. 5204' అంటారు. బాపట్లలో తయారైన వంగడమని ఆ అక్షరాలు చెబుతాయి, మిగిలింది నంబరు. దానికే సాంబ మసూరి అని నోరు తిరిగే పేరూ ఉన్నది. కాని కొనేవాడు గుప్పెట్లో గింజలు పోసుకుని మొదట చూసేది సన్నమా, దొడ్డా అని. గింజ ఆకారాన్నిబట్టి తరగతి!

కబురు మోసే మాంసకృత్తుల్లో ఒక వంశానికి ఇలాగే చేశారు. తెల్ల కణాలను 'ఇటు రండి' అని గాయం దగ్గరికి పిలిచేవి సుమారు యాభై ఉన్నాయి. వాటిని కీమోకైన్లు అంటారు. 2000 సంవత్సరంలో వాటి పాత పేర్లన్నీ పక్కనపెట్టి, ఆకారాన్నిబట్టి కొత్త పేర్లు ఇచ్చారు. మాంసకృత్తు అంటే అమైనో ఆమ్లాల గొలుసు. వాటిలో సిస్టీన్ అనే పూస ఒకటి. దానికి గుర్తు 'సి'. గొలుసు మొదట్లో రెండు సిస్టీన్లు పక్కపక్కనే ఉంటే 'సి.సి.' వంశం. వాటి మధ్య వేరే పూస ఒకటి దూరితే 'సి.ఎక్స్.సి.' వంశం. మూడు పూసలు దూరితే 'సి.ఎక్స్.3.సి.'. మొదట్లో ఒకే సిస్టీన్ ఉంటే 'ఎక్స్.సి.'. ఇంతే! దాని తరువాత 'ఎల్' ఉంటే అది కబురు, 'ఆర్' ఉంటే ఆ కబురు అందుకునే తాళం. 'సి.సి.ఎల్.–2' అనే పేరు చూడగానే ఏ వంశం, కబురా తాళమా, ఎన్నోది అన్నీ తెలుస్తాయి.

సూర్యాపేట, కోదాడ పిల్లలకు ఇలాంటి సంగతే ఇంటి ముందున్నది. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డుకు 2010 దాకా జాతీయ రహదారి 9 అని పేరు. తరువాత 65 అయింది. రోడ్డు అదే, చింతచెట్లు అవే, నంబరు ఒక్కటే మారింది. ఎందుకు మార్చారు? పాత నంబరు ఏ దిక్కుకు పోయేదో చెప్పదు. కొత్త పద్ధతిలో తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు, ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరి సంఖ్యలు. శాఖ రోడ్డుకు మూడంకెలు, చివర తల్లి రోడ్డు నంబరు. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు నంబరు 365 బి.బి. చూడండి, దానిలో 65 దాగి ఉన్నది.

ఆ రోడ్డు పట్టుకుని ఖమ్మం వెళ్ళి, అక్కడినుంచి ఇంకా పోతే బొగ్గుగనుల కొత్తగూడెం వస్తుంది. ఈ పేర్ల గొడవలో మన తెలుగు ఆడపడుచు ఒకామె నిలబడింది ఆ ఊరినుంచే వెళ్ళి. ఆమె తిరుమలాదేవి కన్నెగంటి. కాకతీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, డాక్టరేటు చదివారు. మొదట్లో ఆమె పరిశోధన మందుల మీద కాదు, పంటలకు పట్టే బూజుల మీద. తరువాత అమెరికా వెళ్ళి రోగనిరోధక శాస్త్రంలోకి మళ్ళారు.

మన కణాల లోపల ఒక కాపలా మాంసకృత్తు ఉన్నది. క్రిమి వచ్చినా, కణానికి హాని జరిగినా అది పసిగట్టి, ఇంటర్‌లూకిన్–1 బీటాను పక్వం చేయించి బయటికి పంపేటట్టు చేస్తుంది. ముందు చెప్పిన జ్వరకారకమే అది. ఈ కాపలాదారు జన్యువు 2001లో దొరికింది. చలిగాలి తగిలితే జ్వరం, దద్దుర్లు వచ్చే కొన్ని కుటుంబాలను పరిశీలిస్తుంటే దొరికింది గనుక దానికి 'క్రయోపైరిన్' అని పేరు పెట్టారు. చలి, జ్వరం రెండూ ఆ పేరులో ఉన్నాయి. ఇంకొకరు నాల్ప్–3 అన్నారు. మరొకరు వేరొక పొడుగు పేరు పెట్టారు.

2006లో 'నేచర్' పత్రికలో దాని మీద మూడు వ్యాసాలు వచ్చాయి. ఒకటి క్రయోపైరిన్ ఇలా చేస్తుందన్నది. ఇంకొకటి నాల్ప్–3 ఇలా చేస్తుందన్నది. కీళ్ళలో చేరి బొటనవేలు వాచేటట్టు చేసే యూరిక్ ఆమ్లపు స్ఫటికాలను అది గుర్తిస్తుందని తేలింది అందులోనే. మూడో వ్యాసంలో మొదటి పేరు తిరుమలాదేవిగారిది. బాక్టీరియాల ఆర్.ఎన్.ఏ.ను కూడా ఈ కాపలాదారు పట్టుకుంటుందని ఆమె బృందం చూపింది. ఆ వ్యాసం శీర్షికలో ఏమున్నదో తెలుసా? "క్రయోపైరిన్" అని రాసి, ఒక ఏటవాలు గీత గీసి, "నాల్ప్3" అని రాశారు! పాపం, ఏ పేరు వెతికేవాడికైనా దొరకాలని.

రెండేళ్ళ తరువాత, 2008లో, ఆ వంశంలోని ఇరవై పైచిలుకు మాంసకృత్తులకూ ఒకే పద్ధతి పెట్టారు. దీనికి 'ఎన్.ఎల్.ఆర్.పి.–3' అని వచ్చింది. ఎన్.ఎల్.ఆర్. వంశం పేరు, 'పి' అంటే పైరిన్ అనే భాగం ఉన్నదని గుర్తు, 3 వరస. ఏటవాలు గీత అవసరం తీరింది.

పని పేరు ఎంత మోసం చేస్తుందో తెలియాలంటే ఇంకొక కథ వినండి. 1975లో న్యూయార్కులో లాయిడ్ ఓల్డ్ బృందం, ఎలుకల్లో పుట్టిన కంతులను చంపే పదార్థాన్ని కనుక్కున్నది. కంతులను చంపే కారకమని, టి.ఎన్.ఎఫ్. అని పేరు పెట్టారు. కాన్సరుకు మందు దొరికిందని ఎందరు సంతోషించారో! అదే ఊళ్ళో ఇంకొక పరిశోధనశాలలో, దీర్ఘరోగంలో ఒళ్ళు శుష్కించిపోయేటట్టు చేసే పదార్థం కోసం వెతికి పట్టుకుని దానికి 'కాకెక్టిన్' అన్నారు. 1985లో చూస్తే రెండూ ఒకటే. రోగిని బతికిస్తుందనుకున్నదే రోగిని నీరసింపజేసేది! నేడు టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందులు కీళ్ళవాపు రోగులకు వాడుతున్నారు. పేరు మాత్రం ఇప్పటికీ కంతులను చంపే కారకమే.

2021లో తిరుమలాదేవిగారి బృందం మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి పరిశోధనశాలలో ఒక సంగతి బయటపెట్టింది. ఒంట్లో కబుర్లు అదుపు తప్పి తుఫానులా లేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ తుఫానులో ఎన్నో సైటోకైన్లు ఉంటాయి. వాటిలో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్ గామా, ఈ రెండూ కలిసినప్పుడు కణాలు విపరీతంగా చచ్చిపోతాయని వాళ్ళు చూపారు. కోవిడ్ వైరసు సోకిన ఎలుకల్లో రెంటినీ అడ్డుకుంటే మరణాలు తగ్గాయి. కణాలు అలా మూడు దారుల్లో కలిసి చావడానికి 2019లోనే ఆమె 'పానాప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆ మూడు దారుల పేర్ల మొదటి అక్షరాలు పి, ఎ, ఎన్. మిర్యాలగూడ అమ్మాయీ, నోరు తిరుగుతున్నదా? కొంచెం నయమే గదా!

సూర్యాపేట అబ్బాయి చివర ఒక చిన్న ప్రశ్న వేశాడు: కొత్త పేరు పెట్టాక పాత పేరు పోతుందా అని. కీమోకైన్లకు కొత్త పేర్లు వచ్చినప్పుడు ఐ.ఎల్.–8 అనేది సి.ఎక్స్.సి.ఎల్.–8 అయింది. అయినా నేటికీ పరిశోధనశాలల్లో చాలామంది ఐ.ఎల్.–8 అనే అంటారు. నువ్వు మీ ఊరి బస్టాండులో నిలబడి ఎవరైనా పెద్దాయనను అరవై అయిదో నంబరు రోడ్డు ఏదని అడిగి చూడు. చాలామంది తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. ఆ మాటకొస్తే మీ ఊరిని భానుపురి అని పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కోదాడ నుంచి నిన్న ఒక కార్డు వచ్చింది. తాతయ్య ఇంటికి వచ్చాడట. నాయనమ్మ రెండు పూటలా తింటున్నదట. ఆ కాగితం మాత్రం పక్కింటాయనకు చూపించవద్దని తాతయ్య గట్టిగా చెప్పాడట.